కదురెక్కిన నగరం

కొండ మీద నుంచి మణిశృంగ నగరాన్ని చూసినవాడు కిందికి దిగటం మర్చిపోతాడని ఆ దేశంలో చెప్పుకునేవాళ్ళు. మైలారుడు మాత్రం ఏటా మర్చిపోకుండా దిగేవాడు. కింద వాళ్ళక్క నాంచారమ్మ ఉంది, ఆమె కాచే ఉలవచారు ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా ఆమె చేతిలో ఏటేటా ఓడిపోయే పందెం ఒకటుంది.

మైలారుడు పగటివేషాలవాడు. ఇల్లూ లేదు, వాకిలీ లేదు. వేషాల మూట నెత్తిన పెట్టుకుని రాజ్యాలు తిరగటం, రాజుగారి ముందు అచ్చం రాజుగారిలాగే దగ్గి చూపించి బహుమానం పట్టటం, ఆ రాజుగారికి కోపం వచ్చేలోగా పొలిమేర దాటటం, ఇదీ వాడి బతుకు. దేశాలన్నిటినీ ఏమార్చినవాడు అక్కను మాత్రం ఏమార్చలేకపోయాడు. ఒక ఏడు పన్నుల భటుడిలా వచ్చి గుమ్మం ముందు కొరడా ఝళిపించాడు. మరో ఏడు జడలు కట్టిన సన్యాసిలా వచ్చి, భిక్ష వెయ్యకపోతే శపిస్తానన్నాడు. ఆమె సున్నపు గానుగ ఎద్దును తోలుకుంటూ, తల కూడా ఎత్తకుండా, "ఒరే మైలారీ, మీసం ఊడిందిరా!" అనేది. అంతే, వాడి చెయ్యి వాడికి తెలీకుండానే పైపెదవి మీదకి పోయేది. దొరికిపోయేవాడు. కిందటేడు చేపలమ్మే ఆడమనిషిలా వచ్చాడు. ఆ వేషానికి అసలు మీసమే లేదు. అయినా ఆమె ఆ మాటే అంది, వాడి చెయ్యి పెదవి మీదకే పోయింది. చేపలబుట్ట కిందపడి వీధికుక్కలన్నీ పండగ చేసుకున్నాయి.

ఈ ఏడు ఎరుకలసాని వేషం. మెళ్ళో గవ్వల పేర్లు, చంకలో బుట్ట, చేతిలో సోదికర్ర, నుదుట అరచేతి నిండేంత బొట్టు. ఈసారి ఓడకూడదని కుడిచేతిని నడుముకి కట్టేసుకుని దారి పొడుగునా నడిచి అభ్యాసం చేశాడు. ఆ కులుకుతోనే కొండ నెత్తికెక్కి కిందికి చూశాడు. చూసి, తప్పు కొండ ఎక్కానేమోనని వెనక్కి తిరిగి వచ్చిన దారిని పరీక్షించుకున్నాడు.

చంద్రుడు దిగివచ్చి దాక్కోవాలనుకునే చలువరాతి మేడలు, చిలకలు వాలితే చిలకలే బంగారంగా కనిపించే కలశాలు, ఏనుగులు ఎదురెదురుగా వచ్చినా తొండం తగలనంత రాజవీధులు, వసంతోత్సవం నాడు పన్నీరు పారే కాలవలు, ఏవీ? భూదేవి ఒక్కసారి ఒళ్ళు విదిల్చుకుంది. మేడలు మెట్లయ్యాయి, మెట్లు మట్టయ్యాయి. నగరం నడుమ నేల నోరు తెరిచి, ఆ చీలికలోంచి పసుపుపచ్చని ఆవిరి బుసలు కొడుతోంది. ఆ మట్టిదిబ్బలన్నిటి చుట్టూ ఒకే ఒక్కటి కొత్తగా, సూటిగా, ఒక్క పగులైనా లేకుండా తెల్లగా మెరుస్తోంది. కోటగోడ. కాపాడుకోవటానికి లోపల ఏమీ మిగలని ఊరికి గోడ మాత్రం దివ్యంగా లేచింది.

మైలారుడు కొండ దిగలేదు, దొర్లాడు. అక్క ఇల్లున్న వీధి కోసం వెతికితే వీధే లేదు. ఒక ద్వారబంధం మాత్రం నిలబడి ఉంది. గోడల్లేవు, కప్పు లేదు. దాని వెనక మట్టిలో కూర్చున్న ముసలాయన్ని వాడు గుర్తుపట్టాడు. పూలదండలు కట్టి అమ్మే ఎల్లమంద తాత. మైలారుడు ద్వారబంధం పక్కనుంచి లోపలికి పోబోతే ఆయన గదమాయించాడు.

"ఏమ్మే ఎరుకా, తలుపుండగా గోడలోంచి దూరొస్తావేం? గుమ్మంలోంచి రా."

"గోడేది తాతా?"

"ఉందనుకోవాలమ్మా. రాజుగారు ప్రస్తుతానికి అట్టా అనుకుంటా ఉండమన్నారు."

మైలారుడు గుమ్మంలోంచే వెళ్ళాడు. గడప దగ్గర తల కూడా వంచాడు. "సోది చెబుతాను తాతా, చెయ్యి చూపించు. జరగబోయేది చెబుతా."

"జరగాల్సిందంతా జరిగింది కదా తల్లీ. వెనకటిది చెప్పు. ఇదుగో, ఈ మూల మా అబ్బాయి గుర్రుపెట్టి పడుకునేవాడు. అది చెప్పు, కూర్చుని వింటా."

మైలారుడు ఆ మూలనున్న మట్టికేసి చూసి, "సున్నపు గానుగ నాంచారమ్మ..." అన్నాడు.

"బతికే ఉంది."

"అమ్మయ్య!"

"బతికుందన్నాను గానీ బాగుందన్లేదు. కూర్చో."

మణిశృంగంలో ఇల్లు కట్టే పద్ధతి లోకంలో మరెక్కడా లేదు. పునాది తవ్వేముందు ఇంటి పెద్దను నిలబెట్టి పసుపుదారంతో కొలుస్తారు. దారం ఒక కొస ఆ మనిషి కాలి బొటనవేలి కింద, రెండో కొస నడినెత్తిన తోడబుట్టినవాళ్ళ చేతిలో ఉండాలి. తోడబుట్టినవాళ్ళు లేకపోతే అయినవాళ్ళెవరైనా పట్టొచ్చు. ఆ దారాన్ని ఈశాన్యం మూల పాతితే ఇంటికి తన మనిషెవరో తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. ముసలివాళ్ళను మాత్రం కొలవరు. ఏటేటా కుంగే మనిషి కొలత పెడితే ఇల్లూ కుంగుతుందట.

"ఊరు కూలినాక కంకదంతుడు వచ్చాడు," అన్నాడు ఎల్లమంద. "రాజుగారు పిలిపించిన మంత్రగాడు. పాత దారాలన్నీ మట్టిలో కలిశాయి, కొత్త కొలతలివ్వండి, మంత్రంతో అందరికీ ఇళ్ళు లేపుతానన్నాడు. వేరే ఊరివాళ్ళయితే నవ్వి ఊరుకునేవాళ్ళు. మేం వరసకట్టాం తల్లీ. మట్టికింద మూలుగులు ఇంకా వినపడతానే ఉన్నాయి, మేం వరసలో ఒకళ్ళనొకళ్ళు తోసుకున్నాం. వాడు ఆ దారాల్ని ఒక్క పునాదిలోనన్నా పెట్టలా. కదురుకు చుట్టాడు. అక్కడ కదురు తిరుగుద్ది, ఇక్కడ ఊరంతా తిరుగుద్ది. ఆకలి లేదు, నిద్ర లేదు, పెళ్ళాం లేదు, మొగుడు లేడు. రాయి ఎత్తు, రాయి పెట్టు."

"నిన్నెందుకు వదిలారు?"

"నన్ను కొలవరుగా." ముసలాయన నవ్వబోయి మానేశాడు. "ఈ ఇంటికి పెద్దెవరని అడిగారు. కొడుకూ కోడలూ ఈ దిబ్బ కిందే ఉన్నారు. మనవరాలుందన్నాను. కాశి. ఇంతుంటది." చెయ్యి నేలకి కొంచెం ఎత్తులో పెట్టి చూపించాడు. "నడినెత్తిన కొస పట్టింది నేనే. కదలబాకే, కొలత వంకరయితే ఇల్లు వంకరొచ్చిద్దని ఒక మొట్టికాయ కూడా వేశా."

ఆ చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. మైలారుడు దాన్ని పట్టుకుని కిందికి దించాడు.

"నాంచారమ్మ ఒక్కతే మొండికేసింది," అన్నాడు ఎల్లమంద. "నా తమ్ముడొచ్చి కొస పట్టాలి, వాడొచ్చేదాకా కొలతివ్వనంది. ఆమె గానుగ ఆడకపోతే సున్నం లేదు, సున్నం లేకపోతే గోడ లేదు. అందరి తర్వాత, మా కాశి తర్వాత కూడా, ఆఖరి దారం ఆమెదే. ఆఖరి దారం ఎవరిదో వాళ్ళని ఈ పొద్దుగుంకే వేళకి సింహద్వారం మీద నిలబెట్టి, నెత్తిన, గోడనంతా బిగబట్టే కీలురాయి దించుతారంట. ఆ రాయి కూర్చుందా, ఇంక మిగతా దారాల్ని ఎవరూ విప్పలేరంట."

"మరి తమ్ముడు రాకుండా కొలతెట్లా ఇచ్చింది?"

"రాకపోవటమేంది? వచ్చాడు. ఆ దేశదిమ్మరి మైలారుడు. ఏ వేషమూ లేకుండా ఉత్త ముఖంతో వచ్చి, శుభ్రంగా కొస పట్టి ఇచ్చిపొయ్యాడు."

ఎరుకలసాని చంకలో బుట్ట జారి కిందపడింది. గవ్వలు చెల్లాచెదురయ్యాయి. ఏరుకోవటానికి ఎవరూ ఆగలేదు.

కోటగోడ దగ్గర తుమ్మెద రొదలాంటి చప్పుడొకటి గాలినిండా ఉంది. ఆ చప్పుడుకి తగ్గట్టు అడుగులు వేస్తూ ఊరుఊరంతా రాళ్ళు మోస్తోంది. నగలవర్తకుడి వెనక చాకలి, చాకలి వెనక పురోహితుడు, పురోహితుడి వెనక గజ్జెల కాళ్ళ నాట్యకత్తె. బతుకంతా ఒకరినొకరు తాకకుండా తిరిగినవాళ్ళు ఇప్పుడు చెయ్యికి చెయ్యి తగిలించి రాళ్ళందించుకుంటున్నారు, అదీ తెలీకుండానే. అరచేతులు పగిలి రాతి రాతికీ నెత్తుటి గుర్తు పడుతోంది. దాని మీద సున్నం పూస్తే మళ్ళీ తెల్లగా అవుతోంది.

ఎదురుగా పట్టుడేరాలో శరభకేతు మహారాజు దిండుకి ఆనుకుని, పొరుగురాజు చూస్తే గోడలో పగులేమన్నా కనిపిస్తుందా అని తెగ బెంగపడుతున్నాడు. రోజూ ఒక వేళకి ఆయన ప్రజల కోసం ఏడ్చే కార్యక్రమం ఉంటుంది. దండోరావాడు బయటికొచ్చి, "ప్రభువులవారు ఇప్పుడు కంటతడి పెడుతున్నారహో!" అని చాటుతాడు. అయిపోయాక, "తుడుచుకున్నారహో!" అని కూడా చాటుతాడు.

వరసలో అందరికంటే పొడుగ్గా, నెత్తిన సున్నపు గంపతో నాంచారమ్మ కనిపించింది. ఆ ఇంట్లో పొడుగంతా ఆమెకే పోయింది, తమ్ముడికి నోరు మిగిలింది. ఆమె పాదాలు సున్నానికి పొక్కి చిట్లి ఉన్నాయి. మైలారుడు పక్కనే నడుస్తూ సోది గొంతుతో, "ఓ పొడుగమ్మా, నీకో తమ్ముడున్నాడమ్మా, పొట్టివాడు, అందగాడు..." అన్నాడు.

ఆమె నడుస్తూనే ఉంది.

వాడు ఎడ్ల కుడితితొట్టిలో ముఖం కడుక్కున్నాడు. బొట్టు పోయింది, కాటుక పోయింది. తడిసిన చీర లాగి వీపున వేసుకున్నాడు. లోపలి పంచెతో, ఉత్త ముఖంతో ఆమె ముందు నిలబడ్డాడు. "అక్కా, నేనే. చూడు, మీసం ఊడింది. నువ్వన్లేదు, నేనే అంటున్నా." తనంతట తనే పైపెదవి మీద చెయ్యి కూడా పెట్టుకుని చూపించాడు.

నాంచారమ్మ వాడిలోంచి వెనకున్న గోడను చూసింది. "దారి తప్పుకోండి. రాయి పెట్టాలి," అంది.

అన్నేళ్ళ పందెంలో వాడు మొదటిసారి గెలిచాడు.

ఏడవటానికి కూడా తీరిక దొరకలేదు. వెనకనుంచి ఈటెల చప్పుడయింది. దళపతి గండయ్య! పొట్ట ముందు, మనిషి వెనక నడిచే రకం. మైలారుడు పారిపోబోయేంతలో ఆ గండయ్య గబుక్కున వంగి దణ్ణం పెట్టాడు.

"స్వామీ! అప్పుడే ముఖం మార్చుకున్నారా? పొద్దుగుంకటానికి ఇంకా వేళుందిగా. ఆ గానుగమ్మిని చెయ్యిపట్టి తీసుకెళ్ళేముందు మార్చుకుంటానన్నారే!"

మైలారుడి తల ఒక్క క్షణం గిర్రున తిరిగింది. తర్వాత అన్నీ వాటంతటవే సర్దుకున్నాయి. ఉత్త ముఖంతో వచ్చి కొస పట్టింది కంకదంతుడు. లోకమంతటి వేషాలూ వేసిన మైలారుడి ముఖాన్నే ఒకడు వేషంగా వేసుకున్నాడు.

"ఎట్లా ఉందిరా?" అన్నాడు, గొంతులో కొంచెం బూడిద కలిపి.

"అచ్చం స్వామీ, అచ్చం! ఆ రోజు కూడా ఇంతేగా. ఆ గానుగమ్మి మిమ్మల్ని వాటేసుకుని, ‘ఈ ఏడు వేషం లేకుండా వచ్చావేంరా, అంత దిగులుపడ్డావా నాకోసం’ అని ఒకటే ఏడుపు. వెనక మేం నవ్వాపుకోలేక చచ్చాం."

మైలారుడు కూడా నవ్వాడు. వాడు ఆ జన్మలో వేసిన వేషాలన్నిటిలోకీ ఆ నవ్వే కష్టమైంది. "కదురు చూసొస్తాను. దారిలో ఎవరూ అడ్డం రాకూడదు," అన్నాడు.

దారిలో మనుషులు అడ్డం రాలేదు గానీ, కదురున్న సింహద్వారం బురుజుకీ కోటగోడకీ నడుమ నేల నోరు తెరుచుకుని ఉంది. దానిమీద ఒంటి దూలం. అడుగున ఉడుకుతున్న గంధకం. సగం దూరం పోయేసరికి కిందనుంచి ఆవిరి ఈలవేసుకుంటూ లేచింది. మైలారుడు దూలాన్ని కరుచుకుని కిందికి వేలాడాడు. ఆవిరి దూలం మీదుగా ఎగిసి, వాడి వీపుమీద నీళ్ళు కారుతున్న చీరను కాగితంలా కమిలించి పోయింది. చీర పోయింది, చర్మం మిగిలింది. చేతులతోనే కోతిలా అవతలికి పాకి గట్టెక్కాడో లేదో, బురుజు వాకిట్లో రాతి యాళి కళ్ళు తెరిచింది!

ఏనుగు తొండం, సింహపు పంజాలు, నల్లరాతి కోరలు. తొండం సాచి వాడిని చుట్టి పైకెత్తి, పాదాల నుంచి నెత్తిదాకా వాసన చూసింది. కొలతైన మనిషి తన దారాన్ని వెతుక్కుంటూ వస్తే పసుపువాసన పట్టి నలిపెయ్యటం దాని పని. మైలారుడి ఒంటిమీద కుడితి కంపు తప్ప మరేం లేదు. ఇల్లు కట్టినవాడు కాదు, కొలత ఇచ్చినవాడు కాదు. యాళి తుమ్మి, వాడిని లోపలికి విసిరేసి మళ్ళీ రాయైపోయింది. ఇల్లు లేకపోవటం వాడికి జీవితంలో ఒక్కసారి అక్కరకొచ్చింది.

లోపల తాటిచెట్టంత ఇనప కదురు నేలలో నాటుకుని దానంతట అదే తిరుగుతోంది. దాని చుట్టూ తేనెపట్టులా పసుపుదారాలు. ఊళ్ళో ఉన్న ప్రతి గడపా, ప్రతి కాపురమూ అక్కడ గిర్రున తిరుగుతున్నాయి. అన్నిటికంటే పైన ఒక పొడుగు దారం. అది అక్కది కాక ఎవరిదవుతుంది? బలికి సిద్ధం చేశారు కనక అది వదులుగా ఉంది. మైలారుడు కొస పట్టి లాగాడు. సర్రున వచ్చేసింది.

ఇక గెంతి పారిపోవటమే. గెంతేవాడే. కానీ దాని కిందున్న దారం కంటపడింది. కురచ దారం. ఇంతుంటుందని ఎల్లమంద తాత గాలిలో పెట్టి చూపించినంత దారం. ఇప్పుడు ఆఖరిది అదే. వాడు గోళ్ళతో గీకాడు, పళ్ళతో పీకాడు. తుమ్మజిగురుతో అతికినట్టు అది ఊడిరాలేదు. నాంచారమ్మ దిగిపోతే కీలురాయి కిందికి కాశి వస్తుంది.

అప్పుడే వాకిట్లో యాళి పక్కకి జరిగిన చప్పుడయింది.

లోపలికొచ్చింది మైలారుడు! అదే ముఖం, అదే ముక్కు, అదే పంచె. ఆ మైలారుడు గంప నెత్తినున్న నాంచారమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొస్తున్నాడు. ఆమె మాత్రం కలలోంచి లేచినదానిలా కళ్ళు చికిలిస్తోంది. దారం ఊడింది కదా.

"ఎక్కడికిరా తీసుకుపోతున్నావు? నా కాళ్ళకేమైంది?" అంటూ ఆమె అటు చూసి, ఇటు చూసి, ఆగిపోయింది.

కంకదంతుడికి సంగతి ఒక్క చూపులో అర్థమైంది. అరచేతిలో నీలిమంట లేచింది. "నా దారం తాకావా, కుక్కా!" అంటూ మంత్రం ఎత్తుకున్నాడు.

అరచేతిలో మంట పెట్టుకునేవాడు తన తమ్ముడు కాదని చెప్పటానికి నాంచారమ్మకి ఎరుకలసాని అక్కర్లేదు. నెత్తిమీది గంపను రెండు చేతులా ఎత్తి వాడి ముఖాన కొట్టింది. గంప పగిలి పొడిసున్నం గదినిండా లేచింది. ముగ్గురూ తెల్లటి బొమ్మలయ్యారు. సున్నం గొంతులోకి పోయి కంకదంతుడి మంత్రం దగ్గయిపోయింది. కళ్ళు మండుతుంటే నేలమీద పడి తడుముకుంటున్నాడు.

మైలారుడు దగ్గుతూ ఆ పడ్డవాడిని పాదాల నుంచి నెత్తిదాకా చూశాడు. తన ముఖమే. తన ఒడ్డూ పొడుగే. వెంట్రుకవాసి తేడా లేదు. కదురుకు ముఖాలు తెలీవు, మనసులు తెలీవు, దానికి తెలిసింది కొలత ఒక్కటే. బతుకంతా అల్లరి చేసినవాడి కళ్ళలో ఆఖరి అల్లరి మెరిసింది.

"అక్కా, నీ దారమే. నడినెత్తిన కొస పట్టు," అంటూ రెండో కొసను బొటనవేలి కింద తొక్కిపెట్టాడు.

"ఎవర్ని కొలవాల్రా?"

"నన్నే. తొందరగా!"

"నీకు ఇల్లెక్కడిదిరా?"

"ఇప్పుడు కట్టుకుంటున్నాగా. నేను కదురెక్కితే వాడూ ఎక్కుతాడే అక్కా, ఇద్దరిదీ ఒకే కొలత. వాడు నోరు కడుక్కునేలోగా పట్టు!"

"వద్దురా. నువ్వు నన్ను మర్చిపోతావు."

"నువ్వు గుర్తుపడతావుగా. ఇన్నేళ్ళూ పట్టలా?"

నాంచారమ్మ వాడి నడినెత్తిన కొస పట్టింది. దారం వాడికంటే బెత్తెడు ఎక్కువైంది. మామూలుగా అయితే ఆ బెత్తెడు గురించి ఆమె ఉలవచారు పోసేంతసేపూ వెక్కిరించేది. ఇప్పుడు పళ్ళతో కొరికి తెంపి, ఆ ముక్కను గుప్పిట్లో దాచుకుంది. మైలారుడు తన కొలతను కదురుకి చుట్టాడు. ఆఖరి చుట్టు పడుతుండగా అక్కవైపు తిరిగి ఏదో అనబోయాడు. నోరు తెరిచాడు గానీ ఆ మాట రాలేదు. కళ్ళలో దీపం ఎవరో ఊదేసినట్టు ఆరిపోయింది.

నేలమీద కంకదంతుడి చేతిలో మంట కూడా ఆరిపోయింది. వాడు లేచాడు. ఇద్దరు మైలారుళ్ళు, ఇద్దరూ సున్నంతో తెల్లగా, ఒకే అడుగు వేస్తూ కీలురాయి దగ్గరికి పోయే మెట్లెక్కారు. ఇరుకుమెట్ల మలుపులో ఒకరి ముందు ఒకరు, ఒకరి వెనక ఒకరు. వెంటపడి పైకొచ్చేసరికి నాంచారమ్మకు ఎవరెవరో తెలీలేదు.

పైన పడమటి ఎరుపులో కీలురాయి మోకులకు వేలాడుతోంది. కింద ఒక మనిషి నిలబడే చోటు. అక్కడికి ఇద్దరొచ్చి నిలబడ్డారు. గండయ్య పొట్ట జారినంత పనైంది.

"ఇద్దరేందిరా నాయనా! వీళ్ళలో స్వామి ఎవరు?"

పట్టుడేరాలోంచి రాజుగారి గొంతు వినిపించింది. "ఆలస్యమేమిటి గండయ్యా? మాకు కంటతడి వేళవుతోంది!"

గండయ్య కత్తి దూసి నాంచారమ్మ మెడకు ఆనించాడు. "స్వామిని రాయికిందికి తోశానంటే నా తల ఉండదు. నీ తమ్ముడెవడో నీకు తెలుసుగా. చూపించు, వాడు పోతాడు. చూపించకపోతే ఇద్దర్నీ ఒకేసారి తోస్తా."

నిజం చెబితే తమ్ముడు పోతాడు. అబద్ధం చెప్పాలి. కానీ అబద్ధం చెప్పాలన్నా ముందు నిజం తెలియాలి. నాంచారమ్మ రెండు ముఖాల్లోకీ చూసింది. ఏ ముఖంలోనూ తమ్ముడు లేడు. ఒక్కసారి గాలి గట్టిగా పీల్చి, గానుగ దగ్గర అరిచినట్టే అరిచింది.

"ఒరే మైలారీ, మీసం ఊడిందిరా!"

"పిచ్చిదానా, ఇద్దరికీ మీసాల్లేవు," అన్నాడు గండయ్య.

నాంచారమ్మ వాడి మాట వినటంలేదు. ఎడమపక్కనున్న మనిషి కళ్ళు గోడమీదే ఉన్నాయి, ముఖంలో ఒక్క గీతన్నా కదల్లేదు. కానీ కుడిచెయ్యి మాత్రం, నిద్రలో దోమను తోలుకున్నట్టు, మెల్లగా లేచి బోడి పెదవి మీద ఆగింది.

ఆమె కుడిపక్కవాడిని చూపించింది. "వాడే. వాడే నా తమ్ముడు," అని బావురుమంది. మాట అబద్ధం గానీ ఏడుపు కాదు.

గండయ్య కుడిపక్కవాడి రొమ్ము మీద చెయ్యివేసి రాయికిందికి నెట్టాడు. మోకులు కిర్రుమంటూ వదులయ్యాయి. రాయి బెత్తెడు దిగింది. ఇంకో బెత్తెడు దిగింది.

అప్పుడు కాళ్ళకింద నేల మళ్ళీ గుర్రుమంది.

కొత్త గోడ పైనుంచి కిందిదాకా నిట్టనిలువునా పగిలింది. ఒక మోకు తెగి కీలురాయి కంకదంతుడి నెత్తిమీద పక్కకి వాలి ఊగసాగింది. గండయ్య కత్తి పారేసి ఉరికాడు. భటులు ఉరికారు. పట్టుడేరా గుంజలు విరిగి ప్రభువులవారి మీదే కూలింది, చాటటానికి దండోరావాడు కూడా ఆగలేదు. పరిగెత్తగలిగిన వాళ్ళంతా పరిగెత్తారు. దారాలవాళ్ళు మాత్రం, ఊగుతున్న గోడ కింద, వరస తప్పకుండా రాళ్ళు మోస్తూనే ఉన్నారు. వాళ్ళలో ఇంతెత్తు పిల్ల కూడా ఉంది.

మైలారుడు వంగి ఒక రాయి ఎత్తుకుని పగులువైపు నడిచాడు. నాంచారమ్మ పరిగెత్తి ఎదురుగా నిలబడి, రెండు చేతులా వాడి భుజాలు పట్టుకుంది. గుప్పిట్లోంచి పసుపుదారం ముక్క బయటికొచ్చి వాడి మెడకు తగిలింది.

"నేన్రా! అక్కన్రా!"

వాడు ఆమెలోంచి వెనకనున్న గోడను చూశాడు.

"దారి తప్పుకోండి," అన్నాడు. "రాయి పెట్టాలి."